పంట పోయిన ఏడాది తండ్రి

తొలకరి గట్టిగా కురిసి తెరపిచ్చిన మర్నాడు వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో కనిపించే దృశ్యం ఈ ప్రాంతం వాళ్ళకు కొత్త కాదు. ఎర్రమట్టి పైపొర కొట్టుకుపోయి లోపలి గులకరాళ్ళు తేలి ఉంటాయి. మన అనంతపురం జిల్లా వాళ్ళే కాక కర్నూలు నుంచి, బళ్ళారి వైపు నుంచి కూడా జనం సద్దిమూటలతో వచ్చి, నడుము వంచి, అడుగడుగూ వెదుక్కుంటూ నడుస్తుంటారు. సుమారు 110 కోట్ల ఏళ్ళ కిందట భూగర్భం నుంచి తన్నుకొచ్చిన కింబర్లైటు రాతి గొట్టాలు ఈ నేల కింద ఉన్నాయనీ, వాటితోపాటే వజ్రాలూ పైకి వచ్చాయనీ భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. వెదికేవాళ్ళలో చాలామంది పిల్లల తండ్రులు. పిల్లలను వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళూ ఉంటారు. దురాశతో వచ్చారని వాళ్ళను తీసిపారేయడం అన్యాయం. బోరుకు చేసిన అప్పు, పెళ్ళీడుకొచ్చిన కూతురు, బడి ఫీజు, వీటిలో ఏదో ఒకటి వాళ్ళను ఆ చేనులోకి దింపి ఉంటుంది. మత్తయి సువార్త ఏడో అధ్యాయంలో యేసు జనాన్ని ఒక మాట అడుగుతాడు. కొడుకు రొట్టె కావాలంటే చేతిలో రాయి పెట్టే తండ్రి ఎవరైనా ఉంటాడా అని. ఇక్కడ తండ్రి రాయిని వెదికేదే రొట్టె కోసం. అది దొరకని రోజున ఆ మనిషి ఇంటికి ఏం తీసుకుపోతాడు? ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనివాడు మంచి తండ్రి కాగలడా? ఈ పూట ఆలోచించవలసిన సంగతి ఇదే అనుకుంటున్నాను.

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. నైరుతి మబ్బులను పడమటి కనుమలు ముందే పిండేసుకుంటాయి. ఈశాన్య మబ్బులు కోస్తా దాటి ఇక్కడికి చేరేసరికి నీరసించిపోతాయి. పైగా రైతుకు సగటుతో పనిలేదు. శెనక్కాయ చేను ఊడలు దిగే వేళ, కాయ ఊరే వేళ వాన ముఖం చాటేస్తే, ఆ తర్వాత ఎంత కురిసినా ఆ ఏడు ఇంటికి వచ్చేది పశువులకు కట్టే కట్టె మాత్రమే. హంద్రీ-నీవా పథకం కింద మన మండలంలోని రాగులపాడు దగ్గరే కృష్ణా నీళ్ళను ఎత్తిపోస్తున్నారు, ఆ మేలు చిన్నది కాదు. అయినా మబ్బు కోసం ఎదురుచూసే చేలు ఇంకా ఉన్నాయి. ఇలాంటి చోట ఇంటి మగవాడి సంపాదన అతని కష్టాన్ని బట్టి ఉండదు. ఎంత కష్టపడినా పంట పోవచ్చు. కష్టపడేవాడే అప్పులపాలు కావచ్చు. అయితే ఊరు అతన్ని కొలిచేది సంపాదనతోనే. అతను తనను తాను కొలుచుకునేదీ దానితోనే. అందుకే పంట పోయిన ఏడాది ఒక తండ్రి మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బెంగళూరు బస్సెక్కుతాడు. ఇంకొకడు తాగుడుకు దిగుతాడు. ఇంకొకడు ఇంట్లోనే ఉండి నోరు మూసుకుంటాడు, పిల్లలు పలకరిస్తే కసురుకుంటాడు. ఈ జిల్లా ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న రైతు ఆత్మహత్యల వెనక అప్పు ఉంది, మార్కెట్టు ఉంది, ప్రభుత్వాల నిర్లక్ష్యం ఉంది. వాటితోపాటు పిల్లలకు ముఖం చూపించలేకపోతున్నాననే తండ్రి సిగ్గు కూడా ఉంది.

నా వాదన చెబుతాను. ఈ నేల మీద తండ్రితనాన్ని సంపాదనతో కొలిస్తే తండ్రి విరిగిపోతాడు, పెత్తనంతో కొలిస్తే పిల్లలు విరిగిపోతారు. పిల్లలకు అతను ఎంత దగ్గరగా ఉన్నాడన్నదానితోనే కొలవాలి. క్రైస్తవ విశ్వాసం తండ్రికి చేయగల అసలు మేలు, అతని విలువను పంట నుంచీ అప్పు నుంచీ విడదీయడం. చేతిలో ఏమీ లేని రోజున కూడా సిగ్గుపడకుండా పిల్లల దగ్గర కూర్చోగల ధైర్యం ఇవ్వడం. ఆ ధైర్యం ఇవ్వని భక్తి ఆదివారం మందిరంలో ఎంత గొంతెత్తి పాడినా ఇంటికి పనికిరాదు.

ఈ మాటకు ఆధారం బైబిల్లో ఎక్కడుందని అడిగితే, ద్వితీయోపదేశకాండం పదకొండో అధ్యాయం చూడమంటాను. అందులో మోషే ప్రజలతో, మీరు వెళ్ళబోయే దేశం ఐగుప్తులాగా కాలువ నీళ్ళతో పండే దేశం కాదని, ఆకాశం నుంచి పడే వాననీటిని తాగే కొండల, లోయల దేశమని చెబుతాడు. వర్షాధారపు సేద్యం అంటే ఏమిటో తెలిసిన మనకు ఆ మాట వెంటనే అర్థమవుతుంది. అదే అధ్యాయంలో ఇంకొన్ని వచనాలు దాటగానే పిల్లల ప్రస్తావన వస్తుంది. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు ఈ మాటలు పిల్లలకు నేర్పించాలని. వాన మీద బతికే ప్రజకు పిల్లల పెంపకం గురించి చెప్పిన సలహా అది. ధాన్యం ఇంత కూడబెట్టి పెట్టమని చెప్పలేదు. కూర్చునే చోట, నడిచే దారిలో పిల్లవాడి పక్కన ఉండమని చెప్పింది. నేర్పించడానికి ఆలయం, గురువు కావాలని కూడా అనలేదు. తండ్రి ఉంటే చాలు, పక్కన ఉంటే చాలు అన్నట్టుగా ఉంది ఆ మాట.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. అదే అధ్యాయంలో, ప్రజలు దారి తప్పితే వాన ఆగిపోతుందనే హెచ్చరిక కూడా ఉంది కదా, కరువు పాపానికి శిక్షే కదా అని కొందరు బోధకులు అంటారు. నీ విశ్వాసం చాలకే నీ బోరు ఎండిందని, కానుక సరిగా ఇవ్వకే పంట పోయిందని సభల్లో చెప్పేవాళ్ళున్నారు. ఇది చాలా క్రూరమైన బోధ. ఆ హెచ్చరిక ఒక జాతి మొత్తానికి, విగ్రహారాధన గురించి చేసింది. శెనక్కాయ వేసుకున్న ఒక కుటుంబానికి చేసింది కాదు. కొండమీది ప్రసంగంలో యేసు స్వయంగా, దేవుడు నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా ఒకేలా వాన కురిపిస్తాడని చెప్పాడు. అంటే వాన పడకపోవడాన్ని బట్టి ఏ తండ్రి మంచితనాన్నీ లెక్కగట్టకూడదు. ఇప్పటికే పిల్లల ముందు తలవంచుకున్న మనిషికి, దేవుడి ముందు కూడా నువ్వు ఓడిపోయావని చెప్పే బోధకుడు ఆ ఇంటి నుంచి తండ్రిని ఇంకా దూరంగా నెట్టేస్తున్నాడు.

బయటి ఆధారాలు కూడా చూద్దాం. అమెరికాలో వెర్న్ బెంగ్ట్‌సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లో మొదలుపెట్టి కొన్ని వందల కుటుంబాలను తరతరాలుగా పరిశీలించాడు. మూడున్నర వేల మందికి పైగా ఆ పరిశీలనలో పాల్గొన్నారు. తల్లిదండ్రుల విశ్వాసం పిల్లలకు ఎందుకు అందుతుంది, ఎందుకు అందదు అన్నది ఆయన ప్రశ్న. 2013లో అచ్చయిన పుస్తకంలో ఆయన తేల్చింది ఇది. తల్లిదండ్రులు ఎంత భక్తిపరులన్నదొక్కటే సరిపోదు. పిల్లలు వాళ్ళను, ముఖ్యంగా తండ్రిని, తమకు దగ్గరివాడిగా అనుకుంటున్నారా లేదా అన్నది చాలా ముఖ్యం. నిష్ఠగా ఉంటూ పిల్లలతో ముభావంగా, కఠినంగా ఉన్న తండ్రుల విశ్వాసం పిల్లలకు అంతగా అందలేదు. బ్రాడ్‌ఫర్డ్ విల్‌కాక్స్ అనే మరో పరిశోధకుడు 2004లో ప్రచురించిన పుస్తకంలో ఇంకో తేడా చూపించాడు. సంఘంలో నిజంగా పాలుపంచుకునే సంప్రదాయ క్రైస్తవ తండ్రులు పిల్లలతో ఎక్కువ సమయం గడుపుతున్నారు, ప్రేమను బయటికి చూపిస్తున్నారు. పేరుకు మాత్రం క్రైస్తవులై, మగవాడి పెత్తనం గురించిన వాక్యాలను పట్టుకుని, మందిరం గడప ఎప్పుడోగాని తొక్కనివాళ్ళ ఇళ్ళలో పరిస్థితి అందుకు విరుద్ధం, భార్యల మీద దౌర్జన్యం అక్కడ ఎక్కువ. విశ్వాసంలో సగం పట్టుకుని సగం వదిలేస్తే మంచి తండ్రి రాడు సరికదా, చెడ్డ తండ్రికి సాకు దొరుకుతుంది. మతంతో సంబంధం లేకుండా చూసినా ఇదే కనబడుతుంది. పిల్లల పెంపకంలో తండ్రి పాలుపంచుకోవడం గురించి ఏళ్ళ తరబడి సాగిన 24 పరిశీలనలను స్వీడన్ పరిశోధకులు 2008లో ఒకచోట చేర్చి చూస్తే, 22 పరిశీలనల్లో పిల్లలకు మేలు జరిగినట్టు తేలింది.

ఇవన్నీ కడుపు నిండినవాళ్ళ దేశాల లెక్కలు, మన కరువు సీమకు ఎలా సరిపోతాయని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మన చరిత్రలోనే ఉంది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు 1810లో బళ్ళారిలో, 1822లో కడపలో పని మొదలుపెట్టారు. తర్వాత గుత్తి కూడా వాళ్ళ కేంద్రమైంది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఇక్కడి పాత సంఘాలు రాయలసీమ అధ్యక్ష మండలంలో కలిశాయి. ఈ ప్రాంతంలో క్రీస్తును నమ్ముకున్నవాళ్ళలో అత్యధికులు ఊరికి అవతల పాలెంలో ఉన్న మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు. వాళ్ళకు భూమి లేదు, అక్షరం లేదు, ఎవరి కళ్ళంలోనో కూలి. పిల్లలకు ఇవ్వడానికి ఆస్తి ఏమీ లేని తండ్రులు వాళ్ళు. అయినా విశ్వాసం మూడు నాలుగు తరాలు నిలిచింది. తెలుగులో పూర్తి బైబిలు 1854 నాటికి వచ్చినా అది చదవగలిగినవాళ్ళు ఎందరు? చదువురానివాళ్ళు కీర్తనలను నోటికి నేర్చుకున్నారు. పురుషోత్తమ చౌధరి వంటి వాగ్గేయకారులు కట్టిన పాటలు, ఉపదేశి ఒకటికి నాలుగుసార్లు పాడి వినిపిస్తే, ఇంటికి వచ్చి పిల్లల చేత పాడించుకున్నారు. రాత్రి కూలి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చాపేసుకుని కూర్చుని, ఆలుబిడ్డలతో ఒక కీర్తన పాడి, ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థన చేయడమే కుటుంబ ప్రార్థన. ఆ ప్రార్థనలో పిల్లవాడు వినేది తన పేరు. పగలంతా రెడ్డిగారి చేలో తలవంచుకుని పనిచేసిన నాయన, రాత్రి దేవుడితో తన జ్వరం గురించి, తన పరీక్ష గురించి మాట్లాడుతున్నాడని పిల్లవాడికి తెలుస్తుంది. అంత పేదరికంలో ఆ కుటుంబాలను నిలబెట్టినవాటిలో ఈ పావుగంట కూడా ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. దగ్గరగా ఉండాలంటే ముందు ఊళ్ళో ఉండాలి కదా? శెనక్కాయ పోయి, సుగ్గి కూలికి వలస పోక తప్పని తండ్రిని, బెంగళూరులో బిల్డింగు పనికి, కేరళకు పోయిన తండ్రిని నువ్వు మంచి తండ్రివి కావని అనడం ఏం న్యాయం? అలా అనను. బైబిలు నిండా కరువు వలసలే. రూతు గ్రంథం మొదలయ్యేదే కరువుకు తాళలేక బేత్లెహేము వదిలి మోయాబుకు పోయిన ఎలీమెలెకు కుటుంబంతో. యాకోబు గింజల కోసం కొడుకులను ఐగుప్తుకు పంపాడు. వలస పోవడం పాపం కాదు, తండ్రి ప్రేమ చేయించే పనుల్లో అదీ ఒకటి. అందుకే ఊళ్ళోనే పని దొరికేలా చూడడం కూడా కుటుంబాల విషయమే అంటాను. ఉపాధి హామీ పథకం దేశంలో మొట్టమొదట మొదలైంది మన జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. ఊళ్ళో వంద రోజులు పని దొరకడమంటే ఆ వంద రోజులూ తండ్రి రాత్రి ఇంట్లో ఉండడం. ఉపాధి పనుల గురించి గ్రామసభలో అడగడం లోకసంబంధమైన వ్యవహారమని తప్పుకునే సంఘపెద్దలు ఈ కోణం నుంచి చూడాలి.

పోక తప్పనప్పుడు కూడా దూరంలో రకాలున్నాయి. ఎక్కడికి పోతున్నాడో, ఎంత అడ్వాన్సు తీసుకున్నాడో, ఎన్ని నెలలకు వస్తాడో పిల్లలకు చెప్పకుండా తెల్లవారుజామున బస్సెక్కే తండ్రి ఉన్నాడు. పిల్లలను కూర్చోబెట్టి, చేను పోయింది, అప్పు ఇంత ఉంది, నేను సంక్రాంతికి వస్తాను, అంతవరకు జేజి మాట వినండి అని చెప్పి వెళ్ళే తండ్రీ ఉన్నాడు. రెండో తండ్రి కొడుకు నాయన లేడని బాధపడతాడు కానీ, నాయన తనను వదిలేశాడనుకోడు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోనుంది. షెడ్డులో పని దిగాక రాత్రి ఫోను చేసి, డబ్బు చేరిందా అని భార్యను అడిగి పెట్టేయడానికీ, కొడుకును పిలిచి ఈ రోజు లెక్కల్లో ఏం చెప్పారని అడగడానికీ పట్టే తేడా ఐదు నిమిషాలు. డబ్బు విషయం కూడా దాచి మాట్లాడకూడదు. వలస వెళ్ళిన మనిషి సంపాదనలో ఎంత ఇంటికి చేరుతుందన్నది ఈ జిల్లాలో పెద్ద ప్రశ్న. 1969లో అనంతపురం వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూసిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్‌డీటీ సేవాసంస్థ, పేదలకు కట్టించిన ఇళ్ళను ఆడవాళ్ళ పేరునే రాయించింది. పల్లెల్లో దశాబ్దాల పాటు పనిచేసినవాళ్ళు తీసుకున్న నిర్ణయం అది. ఇల్లు తల్లి చేతిలో ఉంటేనే పిల్లలకు భద్రమని అనిపించేలా చేసిన పరిస్థితిని తండ్రులుగా మనం గుండెకు తీసుకోవాలి.

ఆ పరిస్థితికి పెద్ద కారణం తాగుడు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపింది భార్యలు, తల్లులు. 1993లో సారా ఆగింది, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మగవాళ్ళలో వందకు 23 మంది మద్యం తాగుతున్నారు. మన మందిరాల్లో సాక్ష్యం చెప్పే మగవాళ్ళ నోట తరచుగా వినబడేది తాగుడు మానేశాననే మాట. ఆ మార్పును చులకన చేయకూడదు. ఆ ఇంట్లో పిల్లలకు అన్నం, తల్లికి నిద్ర దొరికాయి. అయితే అక్కడితో పని అయిపోయిందనుకోవడం పొరపాటు. తాగి వచ్చిన రోజుల్లో తండ్రికి భయపడిన పిల్లలు, అతను మారాక కూడా ఏళ్ళ తరబడి భయపడుతూనే ఉంటారు. నేను మారాను కదా, ఇంకా నా దగ్గరికి రారేమని కోప్పడితే ఆ భయం ఇంకా పెరుగుతుంది. దేవుడు క్షమించాడు గనుక పిల్లలు కూడా వెంటనే మరిచిపోవాలని అడిగే హక్కు తండ్రికి లేదు. వాళ్ళ దగ్గర విడిగా క్షమాపణ అడగాలి, తర్వాత ఓపిక పట్టాలి.

క్షమాపణ అడిగితే పిల్లలు నెత్తికెక్కుతారు, భయం లేనిదే భక్తి లేదు, బెత్తం వాడమని సామెతల గ్రంథమే చెబుతుంది కదా అని చాలామంది అంటారు. అయితే పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలోనూ, కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలోనూ తండ్రులకు ఇచ్చిన ఆజ్ఞ ఒకటే. పిల్లలకు కోపం రేపవద్దు, వాళ్ళ మనసు కుంగదీయవద్దు. ఆ ఉత్తరాలు రాసింది రోమా సామ్రాజ్యంలో. అక్కడి చట్టం తండ్రికి పిల్లల ప్రాణాల మీద కూడా అధికారం ఇచ్చింది. అంతటి అధికారం ఉన్న తండ్రులకు పౌలు ఇంకా అధికారం ఇవ్వలేదు. ఉన్నదాన్ని అదుపులో పెట్టుకోమన్నాడు. అలాగని దగ్గరితనమంటే అడ్డూఅదుపూ లేకపోవడం అని నేను అనడం లేదు. ఏలీ యాజకుడి కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు చెడిపోయినప్పుడు, వాళ్ళు చేసేది తెలిసి కూడా అడ్డుకోలేదన్నదే ఏలీ మీద మోపిన నేరం. దేవుని ఆలయంలోనే బతికిన మనిషి ఇంట్లో ఓడిపోయాడు. సంఘం పనుల్లో తీరిక లేక ఇంటిని పట్టించుకోని పాస్టర్లు, పెద్దలు ఆ కథను తమ కోసం చదువుకోవాలి.

దావీదు కథ ఇంకా బాధ కలిగిస్తుంది. అబ్షాలోము తన అన్నను చంపించి పారిపోయి, తర్వాత తిరిగి వచ్చాడు. రాజు రానిచ్చాడు గానీ చూడ్డానికి ఒప్పుకోలేదు. ఒకే యెరూషలేములో తండ్రీ కొడుకులు రెండేళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బతికారు. ఆ తర్వాత ముఖం చూసి ముద్దుపెట్టుకున్నాడు కానీ అప్పటికే కాలం మించిపోయింది. కొడుకు తండ్రి మీద తిరుగుబాటు చేశాడు, యుద్ధంలో చచ్చిపోయాడు, గుమ్మం పైగదికి ఎక్కిపోతూ నీ బదులు నేను చచ్చిపోయినా బాగుండేదని దావీదు గుండె పగిలేలా ఏడ్చాడు. ఆ ప్రేమ రెండేళ్ళ ముందు కూడా అతని గుండెలో ఉంది. కొడుకుకు తెలియనివ్వలేదంతే. మన ఇళ్ళలో ఒకే కప్పు కింద, ఒకే కంచం వరసలో కూర్చుని ఇలా బతుకుతున్న తండ్రీ కొడుకులు ఎందరో. నాకు వాడంటే ప్రాణం అని తండ్రి ఊరందరికీ చెబుతాడు, కొడుకుకు ఒక్కడికి తప్ప.

పిల్లలను దేవునిలో పెంచేది అసలు తల్లులే కదా, తండ్రిని ఇంతగా ఎందుకు పట్టుకుంటారని స్త్రీలు అడిగితే తల వంచవలసిందే. తిమోతి విశ్వాసం అమ్మమ్మ లోయి, తల్లి యునీకే నుంచి వచ్చిందని పౌలు రాశాడు. అతని తండ్రి గ్రీకువాడని తప్ప పేరు కూడా మనకు తెలియదు. మన మందిరాల్లో ఆడవాళ్ళ వైపు చాపలు నిండి, మగవాళ్ళ వైపు ఖాళీగా ఉండే ఆదివారాలు ఎన్నో. కాబట్టి తండ్రి లేకపోతే విశ్వాసం చచ్చిపోతుందని నేను చెప్పను. తల్లి ఒక్కతే మోస్తున్న బరువును పంచుకోమంటాను. తల్లిని కొట్టే చేయి పిల్లవాడి తల నిమిరినా వాడికి అది బెదురుగానే ఉంటుంది. ఎఫెసీ పత్రికలో తండ్రులకు చెప్పే మాట కన్నా ముందు, భార్యను ప్రేమించమని భర్తలకు చెప్పే మాట వస్తుంది. ఆ వరస ఊరికే వచ్చింది కాదు.

క్రైస్తవులు కాని మంచి తండ్రులు లేరా అంటే, ఎందుకు లేరు? ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఇదే మండలంలోని కొనకొండ్ల జైనాచార్యుడు కుందకుందుని పేరుతో ముడిపడిన ఊరు. ఈ నేల మీద దయ, సత్యం గురించిన బోధ బైబిలు రాకముందే ఉంది. యేసు అడిగిన ఆ రొట్టె ప్రశ్న కూడా, మామూలు మనుషులకే పిల్లలకు మంచివి ఇవ్వడం తెలుసని ఒప్పుకునే నిలబడుతుంది. క్రైస్తవుడైన తండ్రికి అదనంగా దొరికేది గొప్పతనం కాదు, బాధ్యత. తనకూ పైన ఒక తండ్రి ఉన్నాడని, ఆ తండ్రి తన పంటను చూసి తనను కొడుకని అనలేదని అతను నమ్ముతున్నాడు. లూకా పదిహేనో అధ్యాయంలో ఆస్తి తగలేసి వచ్చిన కొడుకును చూసి దూరం నుంచే పరుగెత్తుకొచ్చిన తండ్రి కథ అతనికి తెలుసు. ఆ పరుగు తనవైపు కూడా వచ్చిందని నమ్మేవాడు, పరీక్ష తప్పి ఇంటికి రావడానికి భయపడి బస్టాండులో కూర్చున్న కొడుకు కోసం తానే వెళ్ళకపోతే, ఆ కథను ఇంకా వినలేదని అర్థం.

కూతుళ్ళ విషయం చెప్పకపోతే ఈ వాదన సగంలో ఆగిపోతుంది. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో వందకు 29 మందికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు. వలస పోయే ఇళ్ళలో దీనికొక కారణం ఉంది. ఈడొచ్చిన పిల్లను ఎవరి దగ్గర వదిలిపోవాలి అన్న భయం. తండ్రి ఆ భయాన్ని ప్రేమ అనుకుంటాడు. పెళ్ళి చేసేస్తే ఆమె భద్రంగా ఉంటుందనుకుంటాడు. పెళ్ళి గురించి ఆమెనే అడగగలిగేటంత దగ్గరితనం ఉంటే, ఇంటర్ చదవాలనుందని, హాస్టల్లో ఉంటానని ఆమె చెప్పి ఉండేది. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం అందరికీ వర్తిస్తుంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కూడా ఇప్పుడు పెళ్ళికూతురికి పద్దెనిమిదేళ్ళు ఉండాలంటుంది. పద్దెనిమిది నిండని పెళ్ళిని దీవించనని పాస్టరుగారు ముందే ప్రకటిస్తే, బంధువుల ఒత్తిడికి నలుగుతున్న తండ్రికి అదొక ఊతమవుతుంది.

సంఘాలు చేయగలిగింది ఇంకొకటి ఉంది. ప్రతి మందిరంలో స్త్రీల సమాజం ఉంటుంది, సండే స్కూలు ఉంటుంది. తండ్రులు కూర్చుని తమ పిల్లల గురించి మాట్లాడుకునే చోటు మాత్రం దాదాపుగా ఎక్కడా లేదు. శెనక్కాయ పీకుడు అయిపోయి, మేస్త్రీలు అడ్వాన్సులు పట్టుకుని పాలెంలోకి రాకముందు, ఆ మధ్య ఉండే రెండు మూడు వారాల్లో ఒక ఆదివారం సాయంత్రం తండ్రులను పిలవవచ్చు. ఆ పూట ప్రసంగం వద్దు. ఒక్కొక్కరూ తన పిల్లలు ఏ తరగతి చదువుతున్నారో, వాళ్ళ పంతులుగారి పేరేమిటో, వాళ్ళు దేనికి భయపడుతున్నారో చెబితే చాలు. ఈ ఏడు వలస పోయేదెవరు, ఎన్నాళ్ళకు, ఆ ఇంట్లో పిల్లలను వారానికొకసారి వెళ్ళి పలకరించేదెవరు అన్నది అక్కడే ఒక నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. పిల్లల సంగతి చెప్పలేకపోయినవాళ్ళు సిగ్గుపడనక్కరలేదు, ఆ రాత్రే ఇంటికి వెళ్ళి అడిగి తెలుసుకుని, వచ్చే ఆదివారం చెప్పవచ్చు.